మునసబు దస్త్రం నుంచి గ్రీన్‌కార్డు దాకా

వీసా నిబంధనలు మారాయన్న వార్త రాగానే మన చర్చంతా వాషింగ్టన్, లండన్, ఒట్టావాల చుట్టూ తిరుగుతుంది. ఫీజు ఎంత పెరిగింది, ఇంటర్వ్యూ తేదీలు ఎప్పుడు దొరుకుతాయి, ఏ దేశం తలుపు మూసింది, ఏది కాస్త తెరిచింది. నెల్లూరు ట్రంకురోడ్డులో కూర్చున్నా, ఒంగోలు కర్నూలు రోడ్డులో కూర్చున్నా ఇవే మాటలు. వాటి గురించి రోజూ చదువుతున్నారు కాబట్టి ఇక్కడ మళ్లీ చెప్పను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి బయలుదేరేవారిని అన్నింటికన్నా ఎక్కువగా సతాయిస్తున్నది మన పంచాయతీలో, మున్సిపాలిటీలో, తహసీల్దారు కార్యాలయంలో ఎవరో సగం రాసి వదిలేసిన కాగితం. రాసిన చెయ్యి ప్రభుత్వానిది. దాన్ని సరిచేయించుకునే ఖర్చూ తిప్పటా మాత్రం పౌరుడివి. ఈ లెక్క తిరగబడాలన్నదే నా వాదన.

1979లో పుట్టి, ఇప్పుడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక మనిషిని ఊహించుకోండి. ఏళ్ల తరబడి ఎదురుచూసిన గ్రీన్‌కార్డు వరుస దగ్గరపడింది. లాయరు జనన ధ్రువపత్రం పంపమన్నారు. తండ్రిది కోవూరు పక్కన పల్లె. అయితే తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. తల్లి పుట్టిల్లు కందుకూరు దగ్గర. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. అంటే కోవూరు వైపు దస్త్రాలన్నీ తిరగేసినా ఈయన జాడ ఉండదు. పాస్‌పోర్టు దరఖాస్తులో పుట్టిన ఊరు అన్న చోట తండ్రి ఊరే రాశారు, ఎందుకంటే ఎవరైనా మీదే ఊరని అడిగితే మనం చెప్పేది ఆ ఊరి పేరే. బడిలో వేసేనాటికి ఐదేళ్లు నిండాలి కనుక హెడ్మాస్టరు గారు జూలై 1 అని వేసుకున్నారు. పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి ఆ తేదీయే ఎక్కింది.

సరే, డెబ్బై దాటిన తండ్రి కందుకూరు వెళ్లి, ఎవరెవరినో బతిమాలి దస్త్రం వెతికించారు, దొరికింది కూడా అనుకుందాం. అందులో తేదీ ఆగస్టులో ఉంటుంది. తండ్రి పేరు ఊళ్లో పిలిచే పొట్టి పేరు. లింగం గడిలో ‘మగ’ అని ఉంటుంది. బిడ్డ పేరు రాయాల్సిన గడి ఖాళీ. బారసాలకు ముందే నమోదు చేయించారు, ఆ తర్వాత పేరు ఎక్కించాలని ఎవరికీ తోచలేదు. చట్టంలో దానికి వీలుంది: ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా రుసుము కట్టి ఎక్కించుకోవచ్చు. ఈ సంగతి ఊళ్లో ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

అసలు ఆ దస్త్రం ఎన్ని చేతులు మారిందో చూడండి. ఆనాడు రాసినది గ్రామ మునసబు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం ఉద్యోగాలను ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. దస్త్రాలు మూటలు కట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లాయి. మునసబుల పెత్తనం పోవడం మంచిదే, దాని గురించి నాకు పేచీ లేదు. పెత్తనంతో పాటు ఆయన ఇంటి బీరువాలో ఉన్న పుస్తకాల గతి ఏమవుతుందని మాత్రం ఆనాడు ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ఇక జిల్లా సంగతి. కందుకూరు మొదట నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కందుకూరు, కనిగిరి, పొదిలి అటు వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న కందుకూరు తిరిగి నెల్లూరులోకి వచ్చింది. అదే రోజు గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరును వదిలి తిరుపతి జిల్లాలో కలిశాయి, అద్దంకి బాపట్లకు పోయింది. ఆ తర్వాత కూడా గీతలు మళ్లీ మార్చడం ఆగలేదు. మనిషి కదలలేదు, ఊరు కదలలేదు. అయినా ఒకే కుటుంబంలో తాతకు, తండ్రికి, మనవడికి పుట్టిన జిల్లా వేర్వేరు పేర్లతో ఉంటుంది, ఊరేమో ఒకటే. ఒక్క మనిషి చేతిలోనే పాస్‌పోర్టులో ఒక జిల్లా, కొత్తగా తీసుకున్న జనన ధ్రువపత్రంలో ఇంకో జిల్లా ఉంటాయి. అమెరికాలోని నెబ్రాస్కాలో గ్రీన్‌కార్డు ఫైలు చూసే అధికారికి మన పునర్వ్యవస్థీకరణ చరిత్ర ఎందుకు తెలుస్తుంది? ఆయనకు కనిపించేది రెండు కాగితాల మధ్య తేడా. దానికి మన జవాబు నోటరీ ముందు ప్రమాణపత్రం. జిల్లాలు మార్చింది ప్రభుత్వం, ఊరు అదేనని ప్రమాణం చేయాల్సింది పౌరుడు!

కేంద్రం తీరు కూడా తక్కువేమీ కాదు. ఒకప్పుడు 1989 జనవరి 26న, ఆ తర్వాత పుట్టినవారికి పాస్‌పోర్టు కావాలంటే జనన ధ్రువపత్రం తప్పనిసరి అన్నారు. 2016 డిసెంబరులో దాన్ని సడలించి ఆధార్, పాన్, పదో తరగతి సర్టిఫికెట్, ఏదైనా చాలన్నారు. జనం ఊపిరి పీల్చుకున్నారు, పుట్టిన కాగితం గురించి మర్చిపోయారు. ఇప్పుడు 2023 అక్టోబరు 1, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు మళ్లీ జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారం. మధ్యలో ఉన్నవారు కాగితం లేకుండానే పాస్‌పోర్టు తెచ్చుకుని విమానం ఎక్కగలిగారు. అసలు ముడి శాశ్వత నివాసం అడిగినప్పుడు బయటపడుతోంది, అప్పటికి సాక్ష్యం చెప్పగల పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అమెరికా నిబంధనల ప్రకారం ధ్రువపత్రం లేకపోతే, లేదని సంబంధిత కార్యాలయం రాసిచ్చిన పత్రం కావాలి. దానితో పాటు బడి రికార్డుల వంటి ఇతర ఆధారాలు, అవీ లేకపోతే పుట్టుక గురించి స్వయంగా తెలిసిన ఇద్దరి ప్రమాణపత్రాలు. చూడటానికి సులభమే. కానీ ‘మా దస్త్రంలో లేదు’ అని సంతకం పెట్టి ఇవ్వడానికి మన కార్యాలయాల్లో ఎవరికీ చెయ్యి రాదు. లేనిదాన్ని లేదనడానికి భయం. రేపు ఎక్కడో దొరికితే ఎవరి మెడకు చుట్టుకుంటుందో అన్న బెదురు. పోనీ ఇప్పుడు ఆర్డీవో ఉత్తర్వుతో కొత్తగా నమోదు చేయించుకుంటే, నలభై ఐదేళ్ల తర్వాత పుట్టిన కాగితమా అని అక్కడ అనుమానిస్తారు.

గల్ఫ్‌కు వెళ్లే పేదింటి ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా ముదురుతుంది. పదో తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలసకు ముందు అనుమతి తప్పనిసరి) ముద్ర పడుతుంది, ముప్పై ఏళ్లు నిండని మహిళను ఇంటిపనికి ఆ దేశాలకు పంపకూడదు. నిబంధన ఉద్దేశం మంచిది. కానీ పుట్టిన తేదీకి గట్టి కాగితం లేని చోట ఏజెంటు చేసే మొదటి పని వయసు పెంచి రాయించడం. తర్వాత ఆమె అసలు తేదీతో ఇంకో పాస్‌పోర్టు తీసుకుని కువైట్‌లో దిగితే వేలిముద్రల దగ్గర దొరికిపోతుంది. ఏజెంటు ఉదయగిరిలో హాయిగానే ఉంటాడు.

మోసాలు ఎక్కువయ్యాయి కాబట్టే కఠినంగా ఉండాల్సి వస్తోందని అధికారులు అంటారు. నకిలీ మార్కుల జాబితాలు, నకిలీ అనుభవ పత్రాలు మన జిల్లాల్లో లేవని నేనూ అనను. ‘తమ కాగితాలు తామే చూసుకోని కుటుంబాలది తప్పు కాదా’ అని అడిగేవారు కూడా ఉన్నారు. కొంత ఉంది. అయితే మోసగాడికి ఎప్పుడూ కాగితం కొరత లేదు, వాడి ఫైలు నిగనిగలాడుతూ ఉంటుంది. ఈ కఠినత్వం కింద నలిగేది నిజంగా పుట్టి, నిజంగా చదివి, నిజంగా భూమి ఉన్నవాడే.

భూమి మాట వచ్చింది కనుక అసలు విషయానికి వస్తాను. ఈ రెండు జిల్లాల చరిత్ర తెలిసినవారికి చుక్కల భూముల గురించి చెప్పనక్కర్లేదు. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల మీద మూడు నాలుగు తరాలు దున్నుకున్నాయి, పెళ్లిళ్లు చేసుకున్నాయి, పంచుకున్నాయి. పేరు లేదు కాబట్టి ప్రభుత్వ భూమి కావచ్చంటూ వాటిని రిజిస్ట్రేషన్లు జరగని 22ఏ నిషేధిత జాబితాలో పెట్టారు. 2017లో ప్రత్యేక చట్టం చేశారు. 2023 మేలో కావలిలో సభ పెట్టి, రెండు లక్షల ఎకరాలకు పైగా భూములకు విముక్తి అని నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ప్రకటించారు. అంటే ఒక గుమాస్తా గడి నింపకపోవడం వల్ల వచ్చిన చిక్కు తీరడానికి వందేళ్లు దాటింది, అది కూడా అందరికీ తీరలేదు.

ఈ ఖాళీ గడికీ, కందుకూరు దస్త్రంలో బిడ్డ పేరు లేని గడికీ తేడా ఏమీ నాకు కనిపించదు. రెండూ రాయాల్సినవాడు రాయనివే. రెంటికీ పౌరుడే దోషి. పైగా రెండూ ఒకే ఇంట్లో కలుస్తాయి. కొడుకు జర్మనీ వెళ్లాలంటే బ్లాక్డ్ ఖాతాలో (నెలకింతని మాత్రమే తీసుకోగల ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. బ్రిటన్‌కైతే డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. తండ్రికి ఐదెకరాలు ఉంటాయి, కానీ 22ఏలో ఉన్న పొలాన్ని బ్యాంకు తనఖా పెట్టుకోదు. అటు కందుకూరు, కొండపి వైపు పొగాకు రైతు నయం: పొగాకు బోర్డు వేలంలో అమ్మిన ప్రతి బేలుకూ లెక్క ఉంటుంది, డబ్బు బ్యాంకులో పడుతుంది. ఇటు తీరంలో రొయ్యల రైతు చెరువు గట్టు మీదే సరుకు తూచి, చేతికి నోట్లు తీసుకుంటాడు. మంచి ఏడాదిలో పొగాకు రైతు కన్నా ఎక్కువ సంపాదించినా, వీసా ఫైలులో అతను పేదవాడు. అప్పుడు తెర మీదికి వస్తాడు ‘బ్యాలెన్స్’ చూపించేవాడు. నాలుగు వారాలు ఖాతాలో డబ్బు ఉంచినందుకు వడ్డీ తీసుకుంటాడు, గడువు కాగానే తీసేసుకుంటాడు. నిజమైన ఆస్తి చూపలేనివాడి చేత అబద్ధపు ఆస్తి చూపించే వ్యాపారం ఇది. కన్సల్టెన్సీలను తిట్టేవారంతా, ఆ బజారు మన కార్యాలయాల కిటికీల ముందు ఖాళీగా ఉన్న స్థలంలో వెలిసిందన్న సంగతి దాటవేస్తున్నారు.

ఏం చేయాలన్నది పెద్ద రహస్యమేమీ కాదు. పాత జనన దస్త్రాలను ఊరి వారీగా, ఏడాది వారీగా స్కాన్ చేసి సూచిక పెట్టాలి. ఏ సచివాలయంలో దరఖాస్తు ఇచ్చినా తల్లి ఊరు, తండ్రి ఊరు రెండింటిలో వెతికే బాధ్యత కార్యాలయానిదే కావాలి, డెబ్బై ఏళ్ల తండ్రిని మూడు బస్సులు మార్పించకూడదు. దొరకకపోతే, లేదన్న పత్రం గడువులోగా ఇచ్చి తీరాలి. ధ్రువపత్రం మీదే ఊరి పాత జిల్లా, కొత్త జిల్లా, మారిన తేదీ ఒక వరుసలో అచ్చువేస్తే సగం ప్రమాణపత్రాలు అక్కర్లేదు. తప్పు దస్త్రంలో ఉన్నప్పుడు సవరణ రుసుము తీసుకోవడం మానేయాలి.

వీటిలో దేనికీ ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు. ఏడాది దాటిన జననాల నమోదుకు మునుపు కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చేది. 2023 సవరణతో ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజన్ స్థాయికి వచ్చింది. అంటే ఇప్పుడు నిర్ణయం కలెక్టర్ల చేతిలోనే ఉంది. మొదలుపెట్టడానికి కందుకూరే సరైన చోటు. ఆ ఊరి దస్త్రాలు నెల్లూరు కలెక్టరేట్‌కూ తెలుసు, ఒంగోలు కలెక్టరేట్‌కూ తెలుసు. మాది కాదని ఇద్దరిలో ఎవరూ తప్పించుకోలేరు.