ఏరు దాటకముందే తెప్ప తగలేస్తారా?

గోదావరికి ఎర్రనీరు వచ్చిన ప్రతి ఏడూ, ఏటి నడుమ దీవుల్లాంటి లంకల్లో పడవ రేవుల సంగతి అడిగితే ఒకటే జవాబు: వంతెన వస్తోంది కదా! వస్తోంది సరే. వచ్చేదాకా జనం దాటేది దేని మీద? శిలాఫలకం మీదా?

గోదావరి పడవ విశాఖకు పరాయి విషయం కాదు. 1893 నుంచి తూర్పు తీర రైలు మార్గం ముక్కలు ముక్కలుగా తెరుచుకున్నా, ఇక్కడి నుంచి దక్షిణాదికి వెళ్లేవారు రాజమండ్రిలో దిగి, ఆవిరి పడవలో కొవ్వూరు చేరి, మళ్లీ రైలెక్కాల్సి వచ్చేది. 1897 నవంబరులో అక్కడ గోదావరి మీద హేవలాక్ రైలు వంతెన పని మొదలైంది. 56 స్పాన్లు పూర్తయి 1900 ఆగస్టు 30న రైలు కదిలింది. నడుమ దాదాపు మూడేళ్లూ దాటించింది పడవే. ఆ తర్వాతా అంతే. ఆ వంతెన రైలుకే గనుక, బస్సుకీ బండికీ పైదారి 1974లో రోడ్డు కం రైలు వంతెనతో గానీ దొరకలేదు. కళ్లెదుట వంతెన ఉండగానే రేవు మరో 74 ఏళ్లు పనిచేసింది.

ఈ పాఠం ఎవరికీ ఎక్కినట్టు లేదు. 2018 జులై 14న కోనసీమలోని పశువుల్లంక దగ్గర బడి పిల్లలు ఎక్కిన నాటు పడవ బోల్తాపడింది. అది గుద్దుకున్నది దేన్నో గుర్తుందా? కడుతున్న వంతెన స్తంభాన్ని!

ఇందులో వింతేమీ లేదు. ఏట్లో స్తంభాలు లేస్తే పాయ ఇరుకవుతుంది. వాటి మధ్య నీరు ఉరుకుతుంది, వెనక సుడులు తిరుగుతాయి, అడుగున ఇసుక కోసుకుపోయి లోతు మారుతుంది. సరంగుకు అలవాటైన దారి ఒక్క వరదకే చెదిరిపోతుంది. ఇంజిను ఆగిన పడవ నీరు లాగినవైపే పోతుందని మన ఫిషింగ్ హార్బరులో ఎవరినడిగినా చెబుతారు. రేవు ఎగువన ఉంటే ఆ పోయేది స్తంభం మీదికే. అందుకే పని మొదలుపెట్టిన రోజే రేవును దిగువకు మార్చాలి. సముద్రం దగ్గరి పాయల్లో పోటు వేళ నీరు ఎదురు తిరిగే మాట నిజమే గానీ, వరదలో లాగుడంతా కిందికే. స్తంభాలకు ఎర్ర దీపాలు కట్టాలి. పడవ అంచు కింద బరువు గీత తెల్లగా కనబడాలి, అది మునిగితే తాడు విప్పకూడదు. మోటారు సైకిళ్లు ఒక పక్కకు కాకుండా నడిమధ్యన పెట్టాలి. లైఫ్ జాకెట్లు బల్ల కింద మూటగా కాదు, ఒంటి మీద ఉండాలి.

రెండేళ్లలో మూసేసే రేవుకు డబ్బు పోయడం దండగని, పడవ బాధ్యత రేవును వేలంలో పాడుకున్న పాటదారుదేనని, ప్రమాద హెచ్చరిక రాగానే పడవలు ఆపుతున్నామని అధికారులు అంటున్నారు. ఆ రెండేళ్లు ఎన్నేళ్లవుతాయో శంకుస్థాపనలు చూసి చూసి ఇప్పటికీ పంటునే, అంటే బండ్లనూ మనుషులనూ దాటించే బల్లపరుపు పడవనే, నమ్ముకున్న నరసాపురం–సఖినేటిపల్లి రేవునడగండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక. పడవలు ఆపేశాక లంకలో పురిటి నొప్పులు కూడా ఆగుతాయా?

రోడ్డు మీద చిన్న కల్వర్టు కట్టినా పక్కన డైవర్షన్ రోడ్డు వేయడానికి అంచనాలోనే సొమ్ము రాస్తారు. అది లేకుండా రోడ్డు తవ్వితే లారీలవాళ్లు ఊరుకోరు. మరి ఏటి మీద కోట్లతో వంతెన కడుతూ, పక్కనే దాటే పడవకు అదే అంచనాలో ఒక పద్దు ఎందుకు రాయరు? లంకవాళ్లు లారీలు అడ్డం పెట్టలేరనా? ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను లోకం ఎరుగును. శంకుస్థాపన కొబ్బరికాయ కొట్టగానే తగలేసే ఘనత మాత్రం మన ఇంజినీరింగు శాఖలదే.

ఏటా రేవు పాట సొమ్ము పైసా పోకుండా లెక్కపెట్టుకునేవారికి, పడవకు తెల్ల గీత గీయించడానికి ఒక్క పెయింటు డబ్బా కొనే తీరిక లేదా? బరువు గీత లేని పడవ ఏ రేవులోనూ కదలకూడదు. ఆ గీతైనా ఈ వరదకు ముందే గీయించండి, శిలాఫలకానికి రంగులు తర్వాత వేసుకోవచ్చు.