తాతయ్య పళ్ళు, అంతోనివారి పండుగ

క్రైస్తవ పునీతుల (సెయింట్ల) పండుగలు పిల్లలతో ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్ళకు నాదొక్కటే మనవి. పాయసం వండండి, కొవ్వొత్తులు వెలిగించండి, పాటలు పాడించండి. కథ మాత్రం ఆచితూచి చెప్పండి. మనం భక్తి కోసం చెప్తాం. వాళ్ళు ఐడియా కోసం వింటారు.

మా ఆవిడ ఫిరంగిపురం బాలయేసు గుడి సందడిలో పెరిగిన మనిషి. చెన్నై పెరంబూరులో మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగే పిల్లలకు ఆ సందడి ఎక్కడ దొరుకుతుందని ఆవిడ బెంగ. అందుకని గోడ మీద క్యాలెండరు చూసి ఒక్కో పునీతుణ్ణీ ఇంటికి పిలవడం మొదలుపెట్టింది. నవంబరు 11న మార్టినువారు వచ్చారు. చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పైవస్త్రాన్ని కత్తితో రెండుగా చీల్చి సగం ఇచ్చిన రోమన్ సైనికుడాయన. ఐరోపాలో ఆ పండుగకు పిల్లలు లాంతర్లు పట్టుకొని ఊరేగుతారు. చెన్నైలో నవంబరంటే వాన కదా, మా కాగితం లాంతర్లు గేటు దాటకముందే ముద్దయ్యాయి. ఊరేగింపు పోతే పోయింది, మా పెద్దది నా కొత్త తువ్వాలును కత్తెరతో సగానికి కోసి వాచ్‌మన్‌కు ఇచ్చొచ్చింది. డిసెంబరు 6న నికోలాసువారి పేరు మీద బూట్లలో చాక్లెట్లు పెడితే, తెల్లారేసరికి చీమలు పండుగ చేసుకున్నాయి.

ఇవన్నీ చిల్లర నష్టాలు. అసలు కథ జూన్ 13ది, పాదువాపురి అంతోనివారి పండుగనాటిది.

ఆ పండుగకని మా మామగారు ఊరినుంచి వచ్చారు. సాయంత్రం జపమాల ఆయనే చెప్పించాలి. ఆయన గొంతు ఖంగుమంటుంది, కట్టుడు పళ్ళు నోట్లో ఉన్నంతసేపు. ముందురోజు రాత్రి పిల్లల్ని చెరోపక్కన కూచోబెట్టుకొని కథ ఎత్తుకున్నారు. అంతోనివారు 1195లో లిస్బన్‌లో పుట్టడం, 1231లో నలభై అయినా నిండకుండానే పోవడం, ఏడాది తిరక్కుండానే ఆయన్ని పునీతుడిగా ప్రకటించడం, అంతా చెప్పారు. అక్కడితో ఆపినా సరిపోయేది. ఆపలేదు. పోయిన వస్తువులకు ఈయన్నే ఎందుకు వేడుకుంటారో కూడా చెప్పారు. మఠం వదిలి వెళ్తూ ఓ కుర్ర సన్యాసి అంతోనివారి కీర్తనల పుస్తకం ఎత్తుకుపోయాడట. ఈయన ప్రార్థన చేస్తే వాడే వెనక్కి తెచ్చి ఇచ్చాడట.

"అయితే తాతయ్యా, ముందు ఎవరో ఒకరు ఎత్తుకుపోవాలన్నమాట," అంది మా పెద్దది.

మామగారు ఆ మాటకు మురిసిపోయారు. మనవరాలి తెలివికి. మురిసి, 1263లో సమాధి తెరిస్తే అంతోనివారి నాలుక చెక్కుచెదరకుండా ఉందనీ, పాదువాలో ఇప్పటికీ దాన్ని అద్దాల పేటికలో పెట్టి చూపిస్తారనీ కూడా చెప్పేశారు. చిన్నోడు వింటూ వింటూ, తాతయ్య పళ్ళు నానుతున్న గాజు గ్లాసు వైపు చూశాడు. ఆ చూపు నాకు అప్పుడే నచ్చలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను బేకరీకి బయల్దేరాను. అంతోనివారి పేరిట పేదలకు రొట్టెలు పంచడం ఆచారం, మేం బన్నులు పంచుదామనుకున్నాం. చూస్తే స్కూటర్ తాళం లేదు. కొక్కెం ఖాళీ. ఇంతలో లోపల్నుంచి మామగారి కేక.

"నా ఫళ్ళు! నా ఫళ్ళేవీ?"

గ్లాసులో నీళ్ళు మాత్రమే ఉన్నాయి.

ఇల్లంతా తిరగేశాం. మంచాలు జరిపాం, బియ్యం డబ్బా గుమ్మరించాం, చెత్తబుట్ట కూడా వదల్లేదు. పిల్లలిద్దరూ మాత్రం అంతోనివారి స్వరూపం, అదే బొమ్మ, ముందు మోకాళ్ళ మీద కూచొని, చేతులు జోడించి, ఒక కన్ను తెరిచి చూస్తున్నారు. "మీరు వెతక్కండి, ఆయన పని ఆయన్ను చేసుకోనివ్వండి," అంది పెద్దది. అనుమానం రాక ఏం చేస్తుంది? కానీ పండుగపూట ప్రార్థన చేసుకుంటున్న పిల్లల్ని తిట్టడానికి మా ఆవిడకు నోరు రాలేదు. మామగారికి నోరున్నా లాభం లేదు.

ఆరున్నరకు జనం వచ్చేశారు. ఎదురింటి మామి అందరికంటే ముందే వచ్చింది. ఆవిడ మాకంటే పెద్ద భక్తురాలు. మంగళవారం వస్తే అర్మీనియన్ వీధిలో అంతోనియార్ గుడికి వెళ్ళాల్సిందే, కొవ్వొత్తి వెలిగించాల్సిందే. మామగారు జపమాల మొదలుపెట్టారు. "ఫరలోకమందున్న" దగ్గరే వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మూతికి కండువా అడ్డం పెట్టుకొని, చెప్పించే పని నాకు అప్పజెప్పారు.

జపం కాగానే మామి దండ వేస్తానని స్వరూపాన్ని కాస్త పైకెత్తింది. లోపల ఏదో గలగలమంది. మామి బిగుసుకుపోయింది. మళ్ళీ మెల్లగా కదిపింది. మళ్ళీ గలగల.

"స్వామి మాట్లాడుతున్నారు," అంది మామి, కళ్ళనీళ్ళతో. సగం మంది మోకరించారు.

మా ఆవిడ మోకరించలేదు. స్వరూపాన్ని అందుకొని తలకిందులు చేసింది. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బొమ్మ, అడుగున డొల్ల. ఆ కన్నంలో చిన్నోడి స్కూలు సాక్సు కుక్కి ఉంది. లాగితే ముందు స్కూటర్ తాళం జారిపడింది. తర్వాత పైవరస. తర్వాత కిందివరస.

"ఆయన దగ్గరే పెడితే తొందరగా దొరుకుతాయని," అన్నాడు చిన్నోడు. తాళం మాత్రం అక్క వాటా అని కూడా చెప్పేశాడు.

మామగారు పళ్ళు కడిగి పెట్టుకొని తిరిగి వచ్చేసరికి ఓ పది నిమిషాలు పట్టింది. ఈసారి తిట్లు స్పష్టంగా వినపడ్డాయి. మామికి మాత్రం ఇదేదీ పట్టలేదు. పోయినవి దొరికాయా లేదా, అంతే ఆవిడకు కావాల్సింది. స్వరూపం ముందు మళ్ళీ దండం పెట్టుకొని, పన్నెండేళ్ళ క్రితం బాత్రూంలో జారిపోయిన తన వజ్రపు ముక్కుపుడక కూడా చూపించమని పైకే వేడుకుంది.

చిన్నోడికి ఇప్పుడు ఆరేళ్ళు. అయినా బిక్కమొహం వేసి వాళ్ళమ్మ కొంగు వెనక్కి దూరాడు.

"అది మాత్రం నేను తీయలేదు మామీ, ఒట్టు!"