కాలర్ సిద్ధాంతం

నిన్నటి నుంచి చొక్కా కాలర్ కనబడితే చాలు, నాకు చెవులు వేడెక్కుతున్నాయి.

దృష్టి మీద పరిశోధించే ఐదు ప్రయోగశాలలకు కలిపి మాకున్నది ఒక్కరే ప్రోగ్రామర్. ఆయన దగ్గరికి నేరుగా వెళ్లకూడదు, ఫారం నింపాలి. అందులో 'సమస్య ఏమిటో స్పష్టంగా రాయండి' అని ఒక గడి. సమస్య ఏమిటో స్పష్టంగా తెలిస్తే ఆయనతో నాకేం పని? 'ఐ ట్రాకర్ లెక్కలు ఒకసారి చూసిపెట్టగలరు' అని రాశాను. 'మీ అభ్యర్థన వరుసలో ఉంది' అని జవాబు. మూడు వారాలైనా వరుసలోనే ఉంది. కన్ను ఎటు తిరిగిందో సెకనుకు 1000 సార్లు రాసుకునే యంత్రం ఒకవైపు, ఈ వరుస ఒకవైపు! ఆగలేక ప్రోగ్రామ్ నేనే రాసుకున్నాను. రెప్పపాట్లు ఏరేశాను, చూపు నిలిచిన చోట్లకు ఎర్ర రంగు వేశాను, ఆ పటాన్ని తెచ్చి, ప్రయోగంలో చూపిన ఫొటో మీద చేత్తో పేర్చాను.

ఫొటోలో భుజాల దాకా ఒక మనిషి. ఎర్ర మచ్చలు రెండు. కాలర్ కొనల మీద, చెరొకటి.

ముఖం చూసేటప్పుడు చూపు ఎక్కువగా కళ్ల దగ్గర, నోటి దగ్గర తిరుగుతుందని కంటి కదలికలను పరిశోధించిన సోవియట్ శాస్త్రవేత్త యార్బస్ 1960లలోనే చూపించాడు. నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. పాపం, ఆయన కాలర్లను పట్టించుకోలేదనుకున్నాను.

ఐదు ప్రయోగశాలల ఉమ్మడి సమావేశంలో పటం తెర మీద పెట్టి, కాలర్ మనిషి హోదాను ఎలా చాటుతుందో మొదలుపెట్టాను. రెండో కారణం చెబుతుండగా చివరి వరుసలో ప్రోగ్రామర్ గారి తల ఎడమ భుజం మీదికి వాలింది. కునుకు అనుకున్నాను. కాదు, కళ్లు తెరిచే ఉన్నాయి. తల ఇంకా వాలింది. చెవి భుజాన్ని తాకింది. అక్కడితో ఆగక, కుర్చీ చేయి పట్టుకుని నడుము కూడా వంచారు. పక్కన కూర్చున్నావిడ ఆయనను చూసి, నా పటాన్ని చూసి, తనూ వంగారు. గాలి మళ్లిన వరిచేనులా ఆ వరుస మొత్తం ఒకే వైపు ఒరిగింది. ఆ వెనుకనే ముందు వరుస. చూపు గురించి చదివి చదివి జుట్టు నెరిసిన మా ఆచార్యుల వారైతే ఏకంగా కళ్లజోడు తీసి తలకిందులుగా పట్టుకున్నారు. దానివల్ల ఒరిగేదేమీ లేదని ఆయనకు తెలియదా? ఇంతమంది ఇంత లీనమై చూస్తున్నారు కదా అని నేను మూడో కారణం కూడా చెప్పేశాను.

"మీ ఐ ట్రాకర్‌కు సున్నా ఎక్కడండీ?" అన్నారు ప్రోగ్రామర్ గారు, ఒరిగిన తల ఎత్తకుండానే.

"తెర మూలన."

"ఏ మూలన?"

తెరకు నాలుగు మూలలుంటాయన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. మా యంత్రం పై మూల నుంచి కిందికి లెక్కపెడుతుంది. నేను గీసిన పటం బడిలో నేర్పినట్టే కింది నుంచి పైకి. ఫొటోలో పైన ఉన్న రెండు కళ్లూ నా చలవ వల్ల కిందికి దిగి కాలర్ మీద కూర్చున్నాయి.

రెటీనా మీద బొమ్మ తలకిందులుగానే పడుతుందని కెప్లర్ 1604లో వివరించాడు. లోకాన్ని తలకిందులు చేసే కటకం కంటికి తగిలించుకుని మనస్తత్వవేత్త స్ట్రాటన్ కొన్ని రోజులు తిరిగాడు, ఆ ఫలితాలు 1897లో అచ్చయ్యాయి. కొత్తలో తడబడినా రోజులు గడిచేకొద్దీ ఆయన సర్దుకున్నాడు. నేను ఏ కటకమూ లేకుండానే సర్దుకున్నాను.

దిద్దుబాటు ప్రోగ్రామ్‌లో ఒక్క పంక్తి: తెర ఎత్తు 1080 పిక్సెళ్లలోంచి యంత్రం చెప్పిన లెక్కను తీసివేయడం. సమావేశం ముగియకముందే ప్రోగ్రామర్ గారు పంపారు. దానికీ లెక్క ఉంటుందట. ఎవరికి ఎంత సమయం ఇచ్చారో తెలిపే నెలవారీ పట్టిక ఈ ఉదయం ఐదు ప్రయోగశాలలకూ వెళ్లింది. మా పేరు ఎదురుగా: పావుగంట. పని వివరం: కాలర్.