ఇది మేక కాదు, మటన్

జులైలో ఈ పరాయి దేశంలో మన సంఘం వాళ్లం చేసుకున్న బోనాల సంగతి మళ్లీ తవ్వుతున్నానని కొందరు విసుక్కుంటారు. విసుక్కోండి. గ్రూపులో రాద్దామని మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లు చెరిపేశాను. అక్కడ రాస్తే పది నిమిషాల్లో గుడ్ మార్నింగ్ పూల కింద పడి కనబడకుండా పోతుంది, లేదంటే వారం రోజులు కొట్లాట. అందుకే ఎడిటర్ గారిని బతిమాలి ఈ దసరా సంచికలో చోటు తీసుకున్నాను.

ఆ రోజు రానివాళ్ల కోసం చెప్తున్నా. ఊరేగింపు అయింది. పోతరాజు వేషం కట్టిన అన్న పసుపు, చెమట కలిసి కారుతుంటే తుడుచుకుంటూ పిల్లలతో ఫోటోలు దిగుతున్నాడు. గుమ్మడికాయ కొట్టడం కూడా అయింది. (మనకు ఇక్కడ యాట అయినా గుమ్మడికాయే, కోడి అయినా గుమ్మడికాయే.) భోజనాల లైన్ మొదలైంది. మా చిన్నదానికి అప్పటికి మూడేళ్లు నిండలేదు, నా చంకలో ఉంది. ట్రే మీద మూత తీయగానే తొంగి చూసి వడ్డించే ఆంటీని అడిగింది: "ఇది తోక పైకి ఉండేదా, కిందికి ఉండేదా?"

ఆమెకు అర్థం కాలేదు. "ఏంది బంగారం?" అన్నది.

"మేకనా, గొర్రెనా?"

వెనక ముప్పై మంది ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఆమె గరిటె ఆపి, "ఛీ ఛీ, మేక కాదు నాన్నా, ఇది మటన్" అన్నది.

మా చిన్నది కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత లైన్ చివరిదాకా వినబడేటట్టు, "మరి మటన్‌ను ఎవరు కోసిండ్రు?" అన్నది.

మా వెనకున్న ఐదేళ్ల బాబు ప్లేటు కింద పెట్టి ఏడుపు అందుకున్నాడు. వాళ్లమ్మ నన్ను ఒక చూపు చూసింది. సాయంత్రం గ్రూపులో ఎవరి పేరూ లేకుండా ఒక పోస్ట్ వచ్చింది. పసిపిల్లల ముందు చంపడాలు, కోయడాలు మాట్లాడే తల్లిదండ్రులు కాస్త ఆలోచించుకోవాలని దాని సారం. దానికి ఇరవై ఏడు లైకులు. లెక్కపెట్టాను, దాచడం దేనికి. ఆ ఇరవై ఏడు మందిలో మా ఇంటికి వచ్చి తలకాయ కూర అడిగి మరీ వండించుకున్న వాళ్లు నలుగురు.

ఆ తోకల ప్రశ్న దానికి ఎక్కడిదో చెప్పాలి.

మొన్న ఎండాకాలంలో దేవరకొండ దగ్గర మా ఊర్లో బొడ్రాయి పండుగ చేశారు. ఊరి నడుమ నిలబెట్టిన దేవతరాయికి చేసే పండుగ అది, ఆడబిడ్డలు ఎక్కడున్నా రావాల్సిందే కదా. టికెట్ ధర చూసి మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు, అయినా పోయాం. మా చిన్నదానికి జంతువులంటే పిచ్చి. ఇక్కడ దానికి దొరికేవి ఉడతలు, పక్కింటి వాళ్ల కుక్క, లైబ్రరీ పుస్తకాల్లో ఏనుగులు. అలాంటిది మా అమ్మ వాళ్ల వాకిట్లో దిగిన మొదటి గంటలోనే కోళ్ల గంప ఎత్తి లోపల తల పెట్టింది. కుడితి తాగుతున్న బర్రె దాని మోచేయి నాకితే, ఆ గరుకుకు ముందు ఉలిక్కిపడి, మళ్లీ ఇంకో మోచేయి చాపింది. పొదిగే కోడి కింద చెయ్యి పెట్టబోయి ముక్కుతో పొడిపించుకుంది. వేలి మీద చిన్న రక్తపు చుక్క. "అది అమ్మ బిడ్డా, ఇరవై ఒక్క దినాలు లేవది. లేపితే నేనైనా పొడుస్త" అన్నది మా అమ్మ. ఇంకంతే, ఆ రోజు నుంచి కోడి దగ్గర గుసగుసలే.

వాకిట్లో వేపచెట్టుకు పొట్టేలును కట్టేసి ఉంచారు, పండుగకు మొక్కుకున్నది. మా చిన్నది దానికి మ్యామ్యా అని పేరు పెట్టింది. మూడు రోజులు దానికీ దీనికీ ఒకటే జట్టు. సుబాబుల్ కొమ్మ విరిచి ఇస్తే ఆకులన్నీ దూసుకుని తిని ఒట్టి పుల్ల వదిలేది. ఆ పుల్లలన్నీ ఏరుకొచ్చి మా అమ్మ పొయ్యి దగ్గర పెట్టేది మా పిల్ల.

మా ఇంటి వెనక గొర్ల కాసే తాత ఒకాయన ఉంటాడు. 2017లో సర్కారు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చిన స్కీము గుర్తుంది కదా, అప్పుడు ఆయనకూ వచ్చాయి. వాటి మనవరాళ్లే ఇప్పటి మంద. పొద్దున మంద తోలుకపోయేముందు మా చిన్నదాన్ని భుజం మీద ఎక్కించుకుని గేటు దగ్గర నిలబడి పాఠం చెప్పేవాడు. తోక పైకి లేపి ఉంటే మేక, కిందికి వేలాడితే గొర్రె. గొర్రె తల వంచి గడ్డి మేస్తది, మేక మెడ ఎత్తి ఆకు అందుకుంటది. గొర్రె కడుపులో పిల్ల ఐదు నెలలు ఉంటది, బర్రె కడుపులో పది నెలలు. "నువ్వు మీ అమ్మ కడుపులో తొమ్మిది. బర్రె నీకంటె పెద్దది కదా, గందుకే." వేళ్లు లెక్కపెట్టి చూపించేవాడు. నేను పదేళ్లు ఆ ఇంటి ముందు నుంచి బడికి పోయాను, ఈ తోక సంగతి నాకు తెలియదు.

మూడో రోజు పొద్దున పొట్టేలుకు పసుపు, కుంకుమ పెట్టి నీళ్లు చల్లారు. అది ఒళ్లు విదిలించింది. దేవత ఒప్పుకున్నదన్నారు. నేను చిన్నదాన్ని ఎత్తుకుని మిద్దె మీదికి పోయి కోతులను చూపిస్తూ కూర్చున్నాను. దిగి వచ్చేసరికి వాకిలి కడిగేశారు. చెట్టుకు తాడు మాత్రం వేలాడుతోంది, కింద సగం తిన్న కొమ్మ.

"మ్యామ్యా ఏది?"

"వాళ్లమ్మ దగ్గరికి పోయింది" అన్నాను. ఎంత తొందరగా అన్నానో నాకే ఆశ్చర్యం. ముందే నాలుక మీద పెట్టుకున్నట్టు వచ్చింది.

మా అమ్మ పొయ్యి కాడి నుంచి తల తిప్పింది. "పిల్లకు గా అబద్ధమెందుకు చెప్తున్నవ్? రేపు వాళ్లమ్మ దగ్గరికి పోదామంటె ఏడికి తీస్కపోతవ్?" అని, చిన్నదాన్ని దగ్గరికి పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "మ్యామ్యాను బొడ్రాయికి ఇచ్చినం బిడ్డా. కోసినం. చచ్చిపోయింది. ఇగ రాదు. దాని కూర మనం తింటం, అందరికీ పెడ్తం."

"నొప్పి అయిందా?"

"అయితది. అందుకే ఒక్కటే ఏటుకు కోస్తరు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తాడు దగ్గరికి పోయి పట్టుకుని చూసింది. ఆ మధ్యాహ్నం కూర వద్దన్నది, పెరుగన్నం తిన్నది. తెల్లారి మా అమ్మ ఒక ముక్కను నీళ్లలో కడిగి, కారం తీసేసి, చిదిమి అన్నంలో పెడితే తిన్నది. తింటూ "ఇది మ్యామ్యానా?" అని ఒకసారి అడిగింది. "ఊఁ" అన్నది మా అమ్మ. ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది.

ఇప్పుడు చెప్పండి, ఈ మొత్తంలో పిల్ల మనసుకు దెబ్బ తగిలే మాట ఎవరన్నారు? మా అమ్మా, నేనా?

ఊరిని నెత్తిన పెట్టుకుంటున్నానని మీరు అనేలోపు నేనే చెప్తాను. మా అత్తగారిది జడ్చర్ల. అక్కడ అన్నం తినకపోతే "కుక్క పట్టుకపోతది", నిద్రపోకపోతే "పిల్లి కండ్లు పీకుతది". మాది వెంటనే గేటు దగ్గరికి పోయి "కుక్కా, వచ్చి పట్టుకపో" అని పిలిచిందనుకోండి, అది వేరే సంగతి. దారిన పోయే కుక్కను రాయితో కొట్టనిదే మన పిల్లలకు చేయి తిరగదు. ఇవేవీ నేను వెనకేసుకు రాను. అయితే అత్తమ్మ భయంలో నిజం లేదనీ అనను. కుక్క కరిచినా, గోరు గీరినా పదిహేను నిమిషాలు సబ్బు పెట్టి పారే నీళ్లలో కడిగి, ఆలస్యం చేయకుండా టీకా కోసం దవాఖానకు పోవాలి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ఆ జాగ్రత్త పిల్లకు నేర్పాలి. "తినే కుక్క దగ్గరికి, పిల్లల తల్లి కుక్క దగ్గరికి పోవద్దు" అంటే మూడేళ్ల పిల్లకు అర్థమవుతుంది. కోడి పొడిచినప్పుడే సగం అర్థమైంది కూడా.

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి పోయాం. జింకలను చూపిద్దామని తీసుకుపోతే, అది జింకలను వదిలేసి మర్రిచెట్టు కథకు అతుక్కుపోయింది. చెదలు పట్టిన ఆ చెట్టుకు 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు కదా, వాళ్ల నాన్న ఆ సంగతి చెప్పాడు. "చెట్టుకు జ్వరమా?" "పురుగులు తింటున్నయి, అందుకే మందు." "చచ్చిపోతదా?" "చావకుండా చూస్తున్నరు, కానీ కొన్ని కొమ్మలు పోయినయి." చూశారా, చెట్టు గురించి అయితే మాకు అబద్ధం నోటికి రాలేదు. అమ్రాబాద్ అడవి మీదుగా వచ్చేటప్పుడు కూడా అంతే. పులులు ఉన్నాయి, మనకు కనబడవు, అవి జింకలను తింటాయి అని చెప్పాం. ఒంటి నిండా మచ్చలున్న తూర్పు పశువుల మందను చూసి "జింక ఆవులు, వీటిని కూడా పులి తింటదా?" అని అడిగితే, ఒక్కోసారి తింటుందన్నాం. పులి తింటే చెప్పగలం. మనం తింటేనే గొంతు పట్టుకుంటుంది.

ఆ బాబు వాళ్లమ్మ వైపు నుంచి కూడా ఆలోచించాను, ఆలోచించలేదని అనుకోవద్దు. ఆమెది న్యాయమైన కోపమే. తన కొడుకుకు ఆ మాట ఎవరిదో పిల్ల నోటి నుంచి, లైన్‌లో, ఆకలి మీద ఉన్నప్పుడు వినబడింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పే అమ్మమ్మ లేదక్కడ. చావు అంటే మళ్లీ రాకపోవడమని పిల్లలకు ఐదారేళ్లు వస్తేగానీ పూర్తిగా అందదని చదువుకున్న వాళ్లు చెప్తారు. అదీ నిజమే. మాది వారం తర్వాత "మ్యామ్యా రేపొస్తదా?" అని మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాం. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పాం. అందలేదు కదా అని అబద్ధం చెప్తే, అందే రోజున మన మాట నమ్ముతారా? ఐదేళ్ల బాబు ఏడ్చింది కోసిన సంగతికేనా, లేక ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ చెప్పలేదని తెలిసినందుకా? నాకు రెండోదే అనిపిస్తుంది. ఆమెకు అలా అనిపించకపోవచ్చు.

తెలిస్తే మానేస్తారని కొందరి భయం. మానేస్తే మానేయనివ్వండి. పప్పుచారు, పచ్చిపులుసు ఉండనే ఉన్నాయి.

పిల్లల నుంచి దాచాల్సింది ఏదైనా ఉంటే అది ఇంకొకటి ఉంది, దాన్ని మాత్రం మనం ముచ్చటగా చెప్పుకుంటాం. పోయిన దసరాకు స్టేజీ మీద ఎవరో, "మా చిన్నప్పుడు జమ్మికి పోయేటప్పుడు పాలపిట్టను చూపించేవాళ్లు, ఇక్కడ పిల్లలకు ఆ భాగ్యం లేదు" అంటే అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఎలా చూపించేవాళ్లో గుర్తుందా? పంజరంలో, కాళ్లకు దారం కట్టి, రెక్కలు కదలకుండా చేసి, గుడి ముందు చిల్లర తీసుకుని. మా నాన్న ఇచ్చిన రూపాయి నేనే ఆ పంజరం మీద పెట్టాను. ఎగిరితే ఎంత నీలం కనబడుతుందో ఆ పిట్టలో నేను చూసిందే లేదు, పంజరంలో అది మట్టిరంగు ముద్ద. 2014లో దాన్ని రాష్ట్ర పక్షి అన్నారు. దాన్ని పట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. మొన్న ఊర్లో కరెంటు తీగ మీద ఒకటి కూర్చుంటే మా చిన్నది చప్పట్లు కొట్టింది, అది లేచి చేను మీదుగా పోయింది. అప్పుడు చూశాను ఆ నీలం. నాకు నలభై ఏళ్లు.

కమిటీ వాళ్లకు నేను చేసుకునే మనవి చిన్నదే. ఈ దసరాకు స్టేజీ వెనక పాలపిట్ట బొమ్మ పెడుతున్నారని విన్నాను. పెట్టండి, కానీ ఎగురుతున్న బొమ్మ పెట్టండి. పిల్లలకు ఫేస్ పెయింటింగ్ టేబుల్ పక్కన ఇంకో టేబుల్ వేయించండి. ఊర్ల నుంచి వచ్చి మనవల దగ్గర ఆరు నెలలు బేస్‌మెంట్‌లో టీవీ చూస్తున్న అమ్మమ్మలు, తాతలు ఎంతమంది లేరు? బర్రె పాలు పిండినవాళ్లు, అది ఈనే రాత్రి చేను కాడ మేల్కొన్నవాళ్లు. వాళ్లను కూర్చోబెట్టండి, పిల్లలను అడగనివ్వండి. ఎవరు కోసిండ్రు అని అడిగినా సరే. ఆ బాబును కూడా తీసుకురమ్మని వాళ్లమ్మకు నేనే ఫోన్ చేస్తాను, ఎత్తితే.

ఇంకొకటి, భోజనాల దగ్గర పెట్టే బోర్డులు. ఈసారి 'మటన్' అని కాకుండా మేకైతే మేక కూర, గొర్రెయితే గొర్రె కూర అని రాయించండి. ఏ జంతువో క్యాటరింగ్ వాళ్లను ముందే అడిగి పెట్టుకోండి, మా ఇంటి నుంచి ఒకరు తోక గురించి అడుగుతారు. రాయడానికి ఎవరికీ తీరిక లేకపోతే మార్కర్ నేనే తెస్తాను.