సైటు తెరుచుకోకపోతే రూటర్‌ను తిట్టకండి

లింకు నొక్కితే పేజీ రాదు. కనెక్షన్ తెగిపోయిందని తెర మీద ఒక ముక్క మాత్రం కనిపిస్తుంది. ఇక చిట్కా వైద్యం మొదలు: క్యాష్ తుడవండి, ఎక్స్‌టెన్షన్లు ఆపండి, వేరే బ్రౌజర్‌లో చూడండి, రూటర్ ఆపి మళ్లీ వేయండి. యాంటీవైరస్ అతిజాగ్రత్తకో, పాడైన కుకీలకో ఇవి పనికొస్తాయి, కాదనను. కానీ ఇంటి వైఫైలో రాని పేజీ, అదే ఫోనులో మొబైల్ డేటాకు మారగానే వచ్చిందంటే లోపం మీ బ్రౌజర్‌లో లేదు. చాలాసార్లు మధ్యలో ఎవరో ఆపి ఉంటారు. ఆపినవారు ఆ మాట చెప్పరు. నా తగాదా అంతా ఆ చెప్పకపోవడంతోనే.

ఆపే పద్ధతి చూడండి. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల్లో కొన్ని, సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా చెప్పే డీఎన్‌ఎస్ దగ్గరే కథ ముగిస్తాయి. సైటు చిరునామా అడిగితే తప్పుడు జవాబిస్తాయి. డీఎన్‌ఎస్ సర్వర్ మార్చగానే తెరుచుకునేవి ఇవే. మరికొన్ని ఇంకాస్త లోతుకు వెళతాయి. మధ్యవాళ్లు చదవలేకుండా తాళం వేసి పంపే హెచ్‌టీటీపీఎస్ సైటులో మీరు చదివేది కంపెనీకి కనిపించదు కానీ, బ్రౌజర్ పంపే తొలి సందేశంలో సైటు పేరు సాధారణంగా బహిరంగంగానే వెళుతుంది. కవరు లోపలి ఉత్తరం రహస్యం, పైనున్న చిరునామా కాదు. ఆ పేరు నిషేధ జాబితాలో ఉంటే కనెక్షన్ అక్కడే తెగుతుంది. ఆ తాళం లేని పాత హెచ్‌టీటీపీ రోజుల్లో టెలికాం శాఖ ఆదేశం మేరకు నిలిపివేశామని ఒక వాక్యమైనా కనిపించేది. ఇప్పుడు అదీ లేదు. చట్టపరమైన కారణాలతో ఆపామని చెప్పడానికే 451 అనే సంకేతం ఉన్నా, మన తెర మీద అది ఎక్కడా తగలదు.

ఇది యాదృచ్ఛికం కాదు. సైట్లను ఆపించే అధికారం కేంద్రానికిచ్చేది ఐటీ చట్టం 69ఏ సెక్షన్. దాని కింద 2009లో చేసిన నిబంధనల్లో పదహారోది, సైట్లను ఆపమని వచ్చే వినతులను, ఫిర్యాదులను, వాటిపై చర్యలను గోప్యంగా ఉంచాలంటుంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలను నేరంగా చూసే 66ఏ సెక్షన్‌ను కొట్టేసిన సుప్రీంకోర్టు 69ఏను నిలబెట్టింది. కారణాలు రాతపూర్వకంగా ఉంటాయి, వాటిని హైకోర్టులో సవాలు చేయవచ్చు అన్నది అందుకు చూపిన రక్షణల్లో ఒకటి. కంటికి కనబడని కాగితాన్ని సవాలు చేసేదెలా?

2022లో, వీడియోలు చూసే సాఫ్ట్‌వేర్ వీఎల్‌సీ ప్లేయర్ వెబ్‌సైటు మన దేశంలో నెలల తరబడి తెరుచుకోలేదు. తమకు నోటీసే రాలేదని దాన్ని నడిపే వీడియోలాన్ సంస్థ చెప్పింది. లీగల్ నోటీసు పంపాక, నవంబరులో ఆంక్ష తొలగింది. కట్నాల మీద వ్యంగ్యంగా తయారైన ‘డౌరీ కాలిక్యులేటర్’ సైటు సంగతి ఇంకా విచిత్రం. 2018లో ఆపేశారు, ఆ ఉత్తర్వు ప్రతిని దాని రూపకర్తకు ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు చెప్పేసరికి 2022 వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఒక కార్టూన్ దుమారం తర్వాత తమిళ పత్రిక ‘వికటన్’ సైటు పాఠకులకు ఆగిపోయింది. ఒక్క బొమ్మ మీద అభ్యంతరం, మూతపడింది సైటు మొత్తం! మార్చిలో మద్రాసు హైకోర్టు ఆ బొమ్మను తాత్కాలికంగా తీసేయమని, సైటును తెరవమని చెప్పింది.

పిల్లలపై అకృత్యాల దృశ్యాలు, మోసపు సైట్లు ఉన్నాయి కదా, ఉగ్రవాదుల ప్రచారాన్ని ఆపొద్దా అంటారు. ఆపాలి. ఏ సెక్షన్ కింద ఆపారో చెబితే దేశ భద్రతకు వచ్చే నష్టమేమిటి? హెచ్‌టీటీపీఎస్ పేజీలో, ఆపామన్న ప్రకటనను చొప్పించడం కంపెనీకి కుదరదన్నది నిజమే, కానీ ప్రకటనకు వేరే చోటే లేదా?

అసలు ఉత్తర్వులను దాచడం మన పాలకులకు కొత్త విద్యేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను పాత వెబ్‌సైటులో పెట్టడమే మానేశారు. ప్రభుత్వం మారాక 2024లో మళ్లీ పెట్టడం మొదలుపెట్టారు. అధికారంలో ఉన్నవారి ఇష్టాయిష్టాలతో తెరుచుకుని మూతపడేదాన్ని పారదర్శకత అనడం నాకు చేతకాదు. పౌరుడు పాటించాల్సిన ఉత్తర్వును పౌరుడికే చూపించకపోవడం సచివాలయంలో ఎంత తప్పో, ఇంటర్నెట్‌లోనూ అంతే తప్పు.

కేంద్ర ఐటీ శాఖ తన వెబ్‌సైటులో ఒక పట్టిక పెట్టాలి. సైటు పేరు, తేదీ, సెక్షన్, ఆదేశం కోర్టుదా శాఖదా, అప్పీలు ఎక్కడ చేసుకోవాలి, ఇంతే. చిన్నపిల్లల దృశ్యాల సైట్ల వంటి వాటి పేర్లు దాచి మిగతా వివరాలు ఇవ్వవచ్చు. ఇందుకోసం కొత్తగా ఏమీ సేకరించనక్కర్లేదు. ఆదేశాలు పంపినవారి దగ్గరే ఇవన్నీ ఉన్నాయి.