గుండె పంపింగ్ తగ్గినవాళ్లు ఎంత వేగంగా నడవాలి?

ఎకో రిపోర్టులో ‘పంపింగ్ 30 శాతం’ అని చూసిన రోజు నుంచి చాలా ఇళ్లలో ఆ మనిషిని కుర్చీలోంచి లేవనివ్వరు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలో నిండిన రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతోందో చెప్పే అంకె అది. నిజానికి ఆరోగ్యంగా ఉన్న గుండెకైనా అది వంద ఉండదు, 55 నుంచి 70 మధ్యే ఉంటుంది. ఆ సంగతి ఎవరూ చెప్పరు, ఇంట్లో అందరికీ టెన్షన్. మంచినీళ్లు కూడా చేతికే అందిస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ నెల తిరిగేసరికి కాళ్లలో కండ తగ్గిపోతుంది, నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. గుండె ఇంకా పాడైందేమోనని భయపడి ఆ కాస్త నడకా మాన్పిస్తారు.

వ్యాయామం మంచిదేనని ఇప్పుడు వైద్యులు ఒప్పుకుంటున్నారు. గొడవంతా ఎంత తీవ్రంగా చేయాలన్న దగ్గరే. 2007లో నార్వేలోని ట్రాండ్‌హైమ్ పరిశోధకులు గుండెపోటు తర్వాత గుండె బలహీనపడిన 27 మందిని తీసుకున్నారు. సగటు వయసు 75 ఏళ్లు. కొందరి చేత గరిష్ఠ గుండె వేగంలో 90–95 శాతం వచ్చేలా నాలుగేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు, మధ్యమధ్యలో నెమ్మదిగా, నడిపించారు. 12 వారాల్లో వాళ్ల శరీరం ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం 46 శాతం పెరిగింది. ఒకే మోస్తరు వేగంతో నడిచినవాళ్లకు 14 శాతమే. గట్టిగా చేయడమే మేలని చాలామంది నమ్మారు.

అయితే 27 మంది చాలా తక్కువ. యూరప్‌లోని తొమ్మిది కేంద్రాల్లో 261 మందితో చేసిన స్మార్టెక్స్ అధ్యయనం 2017లో వచ్చింది. రెండు పద్ధతులకూ తేడా కనిపించలేదు. నాకు ముఖ్యమనిపించింది మరొకటి. గట్టిగా చేయమన్నవాళ్లలో 51 శాతం మంది చెప్పినదానికంటే తక్కువ తీవ్రతతో చేశారు. మోస్తరుగా చేయమన్నవాళ్లలో 80 శాతం మంది చెప్పినదానికంటే ఎక్కువ చేశారు. పక్కన సిబ్బంది ఉన్నా ఇంతే. పైగా ఏడాది తిరిగేసరికి వచ్చిన లాభం నిలవలేదు.

అందుకే వేగం మీద వాదించుకోవడం కంటే మానకుండా చేయించడం మీద శ్రద్ధ పెట్టాలంటాను. ఇంటి దగ్గర ఒంటరిగా చేసేవాళ్లకు 90 శాతం లెక్క నేను చెప్పను. అది పరీక్షలు చేశాక, ఈసీజీ చూస్తూ చేయించాల్సిన పని. స్మార్ట్ వాచీని నమ్ముకున్నా ఇబ్బందే. ఈ జబ్బుకు ఎక్కువమంది వాడే బీటా బ్లాకర్ మాత్రలు గుండె వేగాన్ని అణిచి ఉంచుతాయి. గరిష్ఠ గుండె వేగం కోసం 220లోంచి వయసు తీసేసే లెక్క వాళ్లకు పనికిరాదు. దానికంటే ఊపిరే మంచి కొలత. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడేంత తీరిక మాత్రం ఉండకూడదు. మొదట్లో ఐదు నిమిషాలే చాలు.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కూర్చున్నా తగ్గని ఆయాసం ఉంటే వెంటనే ఆపాలి. రెండు మూడు రోజుల్లోనే బరువు రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా నడక సంగతి తర్వాత, ముందు డాక్టరును కలవాలి.

డిశ్చార్జి కాగితంలో ఏ మాత్ర ఎన్ని పూటలో వివరంగా ఉంటుంది. నడక దగ్గరికొచ్చేసరికి ‘లైట్ వాకింగ్’ అని రెండే ముక్కలు. ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్ని రోజులు, ఎంత ఆయాసం దాకా, ఎప్పుడు ఆపాలి? ఈసారి వెళ్లినప్పుడు ఈ నాలుగూ అడిగి రాయించుకోండి.