మైటోకాండ్రియాలనే గురిచూడాలా? ఒక వాదోపవాదం

ప్రతిపాదన: క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉండాలంటే, దానికి వేరులాంటి క్యాన్సర్ మూలకణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలనే మందులతో దెబ్బతీయాలి.

వాది: కణితి కరిగిపోయిందని స్కానింగులో తేలిన తర్వాత కూడా కొన్నాళ్లకు జబ్బు తిరగబెట్టడం మనం చూస్తూనే ఉన్నాం. అందుకు కారణమయ్యే కణాలు చాలా కొద్దిగా ఉంటాయి. వాటిలో చాలావరకు నిద్రాణంగా ఉండటం వల్ల, వేగంగా విభజన చెందే కణాలను చంపే మందులకు అవి చిక్కవు. టొరంటోలో జాన్ డిక్ బృందం 1990లలో మనిషి లుకేమియా (రక్త క్యాన్సర్) కణాలను రోగనిరోధక శక్తి లోపించిన ఎలుకల్లోకి ఎక్కించినప్పుడు, వాటిలో అతి కొద్ది కణాలకే జబ్బును కొత్తగా మొదలుపెట్టే శక్తి ఉందని తేలింది. ఆ కొద్ది కణాలు దేని మీద బతుకుతున్నాయో తెలిస్తే వాటిని మాడ్చే దారి తెలిసినట్టే. నా సమాధానం మైటోకాండ్రియా.

ప్రతివాది: క్యాన్సర్ శక్తి గురించి మనకు తెలిసిన మొదటి సంగతి దీనికి ఎదురుగా ఉంది. ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా కణితి కణజాలం గ్లూకోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మార్చివేస్తుందని ఆటో వార్‌బర్గ్ 1920లలోనే చూపించారు. మైటోకాండ్రియాతో పని లేకుండా గ్లూకోజ్‌ను విడగొట్టే ఈ దారిలో, అంటే గ్లైకోలిసిస్‌లో, ఒక గ్లూకోజ్ అణువుకు నికరంగా దక్కేది 2 ఏటీపీలే (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు) అయినా, కొత్త కణాలు కట్టుకోవడానికి కావలసిన ముడిసరుకు ఆ దారిలో దొరుకుతుంది. గ్లూకోజ్‌ను ఎక్కువగా పీల్చుకునే చోటును పెట్ స్కాన్ పట్టి చూపించగలుగుతున్నదీ ఇందువల్లే.

వాది: పెట్ స్కాన్‌లో వెలిగేది కణితి మొత్తం. అందులో దాగిన మూలకణాన్ని అది విడిగా చూపదు. పాంక్రియాస్ క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో కేరాస్ అనే క్యాన్సర్ జన్యువును ఆపివేసిన ప్రయోగం 2014లో వెలువడింది. కణితి కుంచించుకుపోయింది, కానీ మిగిలిన కొద్దిపాటి కణాలు, మూలకణ లక్షణాలు ఉన్నవి, గ్లైకోలిసిస్‌ను తగ్గించుకుని మైటోకాండ్రియా శ్వాసక్రియ మీద బతికాయి. ఆ శ్వాసక్రియను అడ్డుకున్నప్పుడు జబ్బు తిరగబెట్టడం తగ్గింది. లుకేమియా మూలకణాలు కూడా అటువంటివే అని అంతకు ముందే, 2013లో తేలింది. ఒక్క గ్లూకోజ్ నుంచి దాదాపు 30 ఏటీపీలు ఇవ్వగల ఆ యంత్రం లేకుండా అవి నిలదొక్కుకోలేవు.

ప్రతివాది: మీరు చెప్పిన ఫలితాలను నేను కాదనను. అయితే మన జ్ఞానంలో చాలా భాగం ప్రయోగశాల పళ్లెంలోంచి వచ్చిందని మరచిపోకూడదు. కణాలను పెంచడానికి తరచుగా వాడే ద్రవంలో లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. మన రక్తంలో ఉండేది సుమారు ఒక గ్రాము. ఆ ద్రవంలో కలిపే ఎర్రటి రంగు, కణాలు ఆమ్లాన్ని విడిచేకొద్దీ నారింజగా, తర్వాత పసుపుగా మారుతుంది. రెండు రోజులు పట్టించుకోకపోతే సీసా అంతా పసుపు రంగుకు తిరుగుతుంది. అంత తీపిలో, ఎముక మజ్జలో ఎన్నడూ ఎరుగనంత ఆక్సిజన్ మధ్య పెరిగిన కణం చూపే అలవాటును దాని స్వభావం అనుకోవడం నాకు సాహసంగా కనిపిస్తుంది.

ఆరోగ్యకరమైన రక్త మూలకణాల విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరిగింది. మైటోకాండ్రియాకు అంటుకునే ఆకుపచ్చ రంగు వేసి చూస్తే అవి మసకగా కనిపించాయి కాబట్టి, వాటిలో మైటోకాండ్రియా తక్కువని చాలాకాలం నమ్మాం. నిజానికి ఆ కణాల పొర మీద ఉన్న పంపులు రంగును బయటికి తోసివేస్తున్నాయి. పంపులను ఆపి చూసినప్పుడూ, రంగుతో పని లేకుండా మైటోకాండ్రియా డీఎన్ఏను కొలిచినప్పుడూ, అవి తక్కువేమీ కావని తేలింది.

వాది: మైటోకాండ్రియా ఉండటం వేరు, వాటి మీద ఆధారపడటం వేరు. ఆక్సిజన్ తక్కువగా ఉండే మజ్జలో ఆ ఆరోగ్యకరమైన మూలకణం హిఫ్-1 అనే ప్రొటీన్ సాయంతో, గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్‌ను మైటోకాండ్రియాలోకి పోనీయకుండా గ్లైకోలిసిస్‌తో కాలం గడుపుతుంది. అవసరమైతే అటు మొగ్గగలగడమే దాని బలం. లుకేమియా మూలకణానికి ఆ వెసులుబాటు బాగా తక్కువ. మనం కత్తి పెట్టవలసింది ఈ తేడాలోనే.

ప్రతివాది: ఆ తేడా మీరు అనుకున్నంత వెడల్పుగా లేదు. ఎలుకల రక్త మూలకణాల్లో మైటోకాండ్రియా శ్వాస గొలుసులోని మూడో కాంప్లెక్స్‌ను (ప్రొటీన్ల సముదాయాన్ని) పనిచేయకుండా చేసినప్పుడు, ఆ కణాలు నిద్రాణ స్థితిని కోల్పోయాయి, అన్ని రకాల రక్తకణాలూ పడిపోయి ఎలుకలు చనిపోయాయి. ఇక మనుషుల సంగతి. మొదటి కాంప్లెక్స్‌ను గట్టిగా అడ్డుకునే ఐఏసీఎస్-010759 అనే మందును లుకేమియా రోగుల్లోనూ, ఇతర కణితులు ఉన్నవారిలోనూ పరీక్షించారు. నరాలు దెబ్బతినడం, రక్తంలో లాక్టేట్ పెరగడం వంటి ఇబ్బందుల వల్ల ఆ పరీక్షలను ఆపివేయవలసి వచ్చింది. ఆ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన నరాలూ గుండె కండరమూ మైటోకాండ్రియా మీదే బతుకుతున్నాయి. మందుకు చిరునామా చదవడం రాదు.

వాది: అది నన్ను ఆలోచింపజేసిన ఫలితమే, దాచుకోను. కానీ కొలిమిని పగలగొట్టకుండా దానికి కట్టెలు అందకుండా చేయవచ్చు. వెనిటోక్లాక్స్, అజాసిటిడిన్ అనే మందుల జంట చేసేది అదే. లుకేమియా మూలకణాలు తమ మైటోకాండ్రియాను నడపడానికి అమైనో ఆమ్లాల మీద ఎక్కువగా ఆధారపడతాయి. ఈ మందులు ఆ ఆమ్లాలు కణాల లోపలికి రావడాన్ని తగ్గిస్తాయి. తీవ్రమైన కీమోథెరపీ తట్టుకోలేని వృద్ధులకు అమెరికాలో 2018లో ఈ జంటకు అనుమతి వచ్చింది. ఇతర దారులు మూసుకుపోయిన ఎందరికో అది కొంత ఆయువు ఇచ్చింది.

ప్రతివాది: ఇచ్చింది, అందుకు నేనూ సంతోషిస్తాను. అయితే జబ్బు తిరగబెట్టిన రోగుల్లోని లుకేమియా మూలకణాలు అమైనో ఆమ్లాలు అందకపోతే కొవ్వు ఆమ్లాలను కాల్చుకుని అదే కొలిమిని నడుపుకోగలవు. ఒక కట్టె లాగేస్తే ఇంకో కట్టె దొరికింది. రొమ్ము క్యాన్సర్‌లో ఒక రకం చూడండి, అక్కడ గ్లైకోలిసిస్ వైపు మొగ్గడమే మూలకణ లక్షణాలను పెంచుతుంది. అందువల్ల అన్ని క్యాన్సర్లకూ ఒకే గురి అన్నప్పుడే నాకు అభ్యంతరం.

వాది: అయితే నా ప్రతిపాదనలో ‘మైటోకాండ్రియాలనే’ అన్న మాట నుంచి ‘నే’ తీసివేస్తాను. అప్పుడు ఒప్పుకుంటారా?

ప్రతివాది: లుకేమియా వరకు ఒప్పుకుంటాను, అదీ జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ ఆ రోగి మజ్జ నుంచే కణాలు తీసి, ఇప్పుడు అవి ఏ ఇంధనం మీద బతుకుతున్నాయో చూసిన తర్వాతే. పాంక్రియాస్ సంగతి వేరు. నరాలను విడిచిపెట్టి ఆ కణాలను మాత్రమే తాకే మందు ఏదైనా మీరు చూపించేంతవరకు నేను ఈ వైపే నిలబడతాను.